రక్తపరీక్షకు అందనిది

వృత్తిరీత్యా నేను రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. ఏ పదార్థాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినా అది ఎంత ఉన్నది, ఎలా కొలిచారు, ఆ కొలతలో పొరపాటుకు ఎంత అవకాశం ఉన్నది అని అడగటం ఇరవై ఏళ్ళుగా అలవాటైపోయింది. అందువల్ల మా అమ్మ ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి న్యూజెర్సీ వచ్చినప్పుడు ఆవిడ ఆరోగ్యాన్ని కూడా అదే దృష్టితో చూశాను. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక పట్టిక అంటించాను. పొద్దుటి రక్తపోటు, సాయంత్రపు రక్తపోటు, పరగడుపున చక్కెర, వేసుకొన్న మాత్రలు, ఇలా గళ్ళు గీశాను. ఉప్పు తగ్గించాము. వేపుళ్ళు మానిపించాము. ఆవకాయ జాడీ ఆవిడ చెయ్యి అందని పై అరలోకి చేరింది. ఇంత చేసినా రెండు నెలలు గడిచేసరికి అంకెలు తగ్గలేదు సరికదా, పెరిగాయి.

మాకు తెలిసిన డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన గుంటూరులో వైద్యం చదివి, నలభై ఏళ్ళ క్రితం ఈ దేశం వచ్చిన పెద్దాయన. నా పట్టికను శ్రద్ధగా చూసి పక్కన పెట్టి, మా అమ్మ వైపు తిరిగి, "అక్కయ్య గారూ, నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరెవరితో మాట్లాడారో కాస్త చెప్పండి" అని అడిగారు.

అమ్మ కొంచెంసేపు ఆలోచించింది. "పొద్దున్నే అబ్బాయి ఆఫీసుకు వెళుతూ మాత్రలు వేసుకోమన్నాడండీ. సాయంత్రం కోడలు వచ్చి, మాత్రలు వేసుకొన్నారా అత్తయ్యా అంది. పిల్లలకు హోంవర్కు ఉంటుంది కదా. అంతే డాక్టరు గారూ" అన్నది.

ఆ జవాబులో ఫిర్యాదు ఏమీ లేదు. లెక్క చెప్పినట్లు చెప్పింది. తెనాలిలో ఆవిడ వీధి అరుగు మీద కూర్చుంటే గంటలో పదిమంది పలకరించిపోయేవారు. ఇక్కడ రోజుకు రెండు వాక్యాలు, రెండూ మాత్రల గురించే. డాక్టరు గారు మందు మోతాదు కొద్దిగా మార్చి, నా పట్టిక చివర స్వయంగా మరొక గడి గీసి, దాని మీద "ఈ రోజు ఎవరితో మాట్లాడారు?" అని తెలుగులో రాసి ఇచ్చారు. "ఇది మర్యాదకు అడిగిన ప్రశ్న కాదు, వైద్యుడు అడగవలసిన ప్రశ్నే. నమ్మకం కుదరకపోతే రొసెటో కథ చదువు" అని నాతో అన్నారు. ఆ కథ చదివిన తరువాత తెలుసుకొన్న విషయాలే ఈ వ్యాసం.

రొసెటో కథ

మేముండే చోటు నుంచి కారులో పడమరగా గంటన్నర వెళితే, పెన్సిల్వేనియా రాష్ట్రపు తూర్పు అంచున రొసెటో అనే చిన్న ఊరు వస్తుంది. దక్షిణ ఇటలీలో రొసెటో వాల్‌ఫోర్టోరే అనే కొండ ఊరి నుంచి 1880ల మొదలుకొని ఒకరి వెంట ఒకరుగా వచ్చిన వలస కుటుంబాలు కట్టుకొన్న ఊరది. తాము విడిచి వచ్చిన ఊరి పేరే దానికి పెట్టుకొన్నారు. మగవారు పలకరాతి గనులలో పనిచేశారు. తరువాతి కాలంలో ఆడవారు జాకెట్లు కుట్టే కర్మాగారాలలో పనిచేశారు. 1912లో రొసెటో స్వతంత్ర పురపాలక పట్టణమైంది. 1960ల నాటికి అక్కడి జనాభా సుమారు 1,600.

ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో వైద్యాచార్యులుగా ఉన్న డాక్టర్ స్టూవర్ట్ వుల్ఫ్ వేసవిలో ఆ ప్రాంతానికి వస్తూండేవారు. అక్కడ వైద్యం చేసే ఒక స్థానిక డాక్టరు మాటల మధ్యలో, రొసెటో వారిలో గుండెజబ్బు అరుదుగా కనబడుతున్నదని ఆయనతో అన్నారు. అమెరికాలో మధ్యవయస్కులైన మగవారి మరణాలకు గుండెపోటే పెద్ద కారణంగా ఉన్న కాలమది. వుల్ఫ్ ఈ మాటను తేలికగా తీసుకోలేదు. మరణ ధ్రువపత్రాలు పరిశీలించారు, ఊరివారిని పరీక్షించారు. 1964లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో ఆయన బృందం ప్రకటించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. రొసెటోలో 55 ఏళ్ళ లోపు వారిలో గుండెపోటు మరణాలు దాదాపు లేవు. 65 దాటినవారిలో ఆ మరణాలు దేశపు సగటులో సుమారు సగమే.

అయితే వీరు పథ్యం పాటించేవారా? లేదు. ఇటలీలో వాడే ఆలివ్ నూనెకు స్తోమతు చాలక పందికొవ్వుతో వండుకొనేవారు. వారు తినే ఆహారపు శక్తిలో దాదాపు 41 శాతం కొవ్వు నుంచే వచ్చేది. చుట్టలు తాగేవారు, ద్రాక్షసారా తాగేవారు. చాలామంది లావుగానే ఉండేవారు. పక్కనే ఉన్న బాంగర్ పట్టణంవారు తాగే నీరే వీరూ తాగేవారు. వైద్యులు, ఆసుపత్రి కూడా ఉమ్మడే. కాని బాంగర్‌లో గుండెపోటు మరణాలు మిగిలిన దేశంలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వంశపారంపర్యమా అంటే, అదే ఇటలీ ఊరి నుంచి వచ్చి వేరే చోట్ల స్థిరపడినవారికి ఈ రక్షణ కనబడలేదు.

ఇవన్నీ కొట్టివేసిన తరువాత మిగిలినది ఆ ఊరివారు బ్రతికే తీరు. వుల్ఫ్, ఆయనతో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త జాన్ బ్రూన్ దానిని దగ్గరగా చూశారు. ఎక్కువ ఇళ్ళలో మూడు తరాలవారు ఒకే కప్పు కింద ఉండేవారు. ముసలివారి మాటకు ఇంట్లో విలువ ఉండేది. సాయంత్రాలు వీధిలో నిలబడి ఇటాలియన్‌లో కబుర్లు చెప్పుకొనేవారు. డబ్బున్నవాడు ఆ సంగతి బయటకు కనబడనిచ్చేవాడు కాదు. ఆడంబరం అక్కడ తప్పు కింద లెక్క. ఎవరికి కష్టం వచ్చినా ఊరు ఊరంతా వచ్చి నిలబడేది.

కథ ఇక్కడితో ఆగితే సంతోషమే. కాని రెండవ తరం కాలేజీలకు వెళ్ళింది. ఊరి అంచున పెద్ద పెద్ద ఇళ్ళు, వాటి చుట్టూ కంచెలు వచ్చాయి. పెద్ద కార్లు వచ్చాయి. మూడు తరాల ఇళ్ళు విడిపోయాయి. ఈ మార్పు ఇలాగే సాగితే రొసెటో తన రక్షణను పోగొట్టుకొంటుందని పరిశోధకులు 1960లలోనే హెచ్చరించారు. అలాగే జరిగింది. 1935 నుంచి 1985 వరకు 50 ఏళ్ళ మరణాల లెక్కలను బాంగర్‌తో పోల్చిన వ్యాసం 1992లో వెలువడింది. మొదటి 30 ఏళ్ళు కనబడిన తేడా 1960ల తరువాత చెరిగిపోయినట్లు, రొసెటో కూడా పొరుగూరితో సమానమైనట్లు అది చూపింది.

ఈ ఊరు మనకు ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. ఊరి పేరు, భాష, దేవుణ్ణి, వంటను వెంట తెచ్చుకొని పరాయి దేశంలో స్థిరపడినవారి కథ ఇది. వారికి అమెరికాలో దొరికినదేమిటో, పోయినదేమిటో ఒకే పట్టికలో అంకెలుగా రాసి ఉన్నాయి.

ఒక్క ఊరితో రుజువవుతుందా?

కాదు. శాస్త్రం చదువుకొన్నవాడిగా ఇక్కడ కొంచెం ఆగవలసి ఉన్నది. 1,600 మంది ఉన్న ఊరిలో ఏటా జరిగే మరణాలు కొద్దే. రెండు మూడు అటూ ఇటూ అయితే శాతాలు బాగా మారిపోతాయి. ఈ అభ్యంతరాన్ని చాలామంది లేవనెత్తారు, అది న్యాయమైనదే. అందువల్ల ఇతర చోట్ల ఏమి తేలిందో చూడాలి.

కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 6,928 మంది వయోజనులను 1965 నుంచి తొమ్మిదేళ్ళు గమనించారు. లీసా బర్క్‌మన్, లెనార్డ్ సైమ్ 1979లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పెళ్ళి, స్నేహితులు, బంధువులు, ప్రార్థనా స్థలం, సంఘాలు వంటి సంబంధాలు బాగా ఉన్నవారితో పోలిస్తే అవి బాగా తక్కువైన మగవారు ఆ కాలంలో చనిపోయే అవకాశం 2.3 రెట్లు, ఆడవారికి 2.8 రెట్లు. పొగతాగటం, మద్యం, స్థూలకాయం వంటివి లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా ఈ సంబంధం నిలిచింది. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం ఇటువంటి 148 అధ్యయనాలను, మొత్తం మూడు లక్షల పైచిలుకు మందిని కలిపి చూసింది. గట్టి సంబంధాలున్నవారు అధ్యయన కాలంలో బ్రతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేల్చింది.

1938లో హార్వర్డ్‌లో మొదలై నేటికీ సాగుతున్న మరొక అధ్యయనం ఉన్నది. 268 మంది హార్వర్డ్ విద్యార్థులను, బోస్టన్ పేదవాడలకు చెందిన 456 మంది కుర్రవాళ్ళను జీవితకాలమంతా గమనిస్తూ వచ్చారు. వీరు 80లలోకి వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే, ఆరోగ్యంగా మిగిలేది ఎవరో ముందుగా సూచించినది 50 ఏళ్ళప్పటి కొలెస్టరాల్ కాదట. 50 ఏళ్ళప్పుడు తమ సంబంధాలతో వారు ఎంత తృప్తిగా ఉన్నారన్నది అంతకంటే బాగా సూచించిందని ఆ అధ్యయనాన్ని నడిపిన మనోవైద్యుడు రాబర్ట్ వాల్డింగర్ చెప్పారు. కొలెస్టరాల్ కొలతలను నమ్ముకొన్న నాబోటివాడికి ఇది మింగుడుపడటానికి కొంత సమయం పట్టింది.

మాట శరీరంలోకి ఎలా వెళుతుంది?

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఒంటరితనం వల్ల జబ్బు వస్తున్నదా, లేక జబ్బుపడినవారు ఒంటరివారవుతున్నారా? దీనికి పూర్తి జవాబు కాకపోయినా, మంచి జవాబు ఒకటి జలుబు నుంచి వచ్చింది. షెల్డన్ కోహెన్ బృందం 276 మంది ఆరోగ్యవంతులైన వాలంటీర్ల ముక్కులలో జలుబు వైరస్ ఉన్న చుక్కలు వేసి, వారిని విడిగా ఉంచి పరిశీలించింది. అందరికీ వైరస్ అందింది. కాని అందరికీ జలుబు చేయలేదు. 1997లో వెలువడిన ఫలితమిది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, స్నేహితులు, ఇరుగుపొరుగు, తోటి ఉద్యోగులు, సంఘ సభ్యులు వంటి సంబంధాలలో ఆరు లేక అంతకు మించిన రకాలు ఉన్నవారితో పోలిస్తే, ఒకటి నుంచి మూడు రకాలే ఉన్నవారికి జలుబు పట్టే అవకాశం 4.2 రెట్లు. గమనించవలసినది ఏమంటే ఇక్కడ లెక్కకు వచ్చినది మనుషుల సంఖ్య కంటే సంబంధాల వైవిధ్యం. ఒకే రకం స్నేహితులు వందమంది ఉన్నా అది ఒక రకమే.

శరీరం లోపల ఏమి జరుగుతున్నదో కొంతవరకు తెలుసు. మూత్రపిండాల మీద టోపీల వలె కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. దానికి ముడిపదార్థం మనం అందరం భయపడే కొలెస్టరాలే. 27 కర్బన పరమాణువులున్న కొలెస్టరాల్ అణువును శరీరం దశలవారీగా చెక్కి, 21 కర్బనాల కార్టిసాల్‌గా మారుస్తుంది. ఇది మనకు శత్రువు కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు రక్తంలోకి చక్కెరను విడుదల చేయిస్తుంది, రక్తపోటును నిలబెడుతుంది, వాపు హద్దు మీరకుండా అదుపులో పెడుతుంది. ప్రమాదం దాటగానే తగ్గిపోవాలి.

చిక్కు ఎక్కడంటే, ప్రమాదం దాటిపోయిందని మెదడుకు ఎవరో చెప్పాలి. మందలో బ్రతికే ప్రాణికి పక్కన తనవారు ఉండటమే ఆ కబురు. ఒంటరి ప్రాణి ఎప్పుడూ ఒక చెవి రిక్కించుకొనే ఉంటుంది. రోజూ మోగే గంటను కొన్నాళ్ళకు ఎవరూ పట్టించుకోనట్లే, అదేపనిగా వచ్చే కార్టిసాల్ సంకేతానికి కణాలు మొద్దుబారుతాయి. అప్పుడు వాపును అదుపు చేసేవారు ఉండరు. లాస్ ఏంజిలిస్‌లో స్టీవ్ కోల్ బృందం 2007లో ఒంటరితనంతో బాధపడేవారి తెల్ల రక్తకణాలను పరీక్షించి, వాపును పెంచే జన్యువులు వారిలో ఎక్కువ చురుకుగా ఉన్నాయని, కార్టిసాల్ ఆజ్ఞకు లోబడవలసిన జన్యువులు సరిగా లోబడటం లేదని చూపింది. పరీక్షించినది 14 మందినే కనుక దీనిని తుదిమాటగా తీసుకోరాదు. కాని ధమనుల గోడలలో కొవ్వు పేరుకొనే పని వెనుక దీర్ఘకాలపు వాపు ఉన్నదని ఇతర పరిశోధనల వల్ల తెలుసు. అందువల్ల రొసెటో కథకూ గుండెకూ మధ్య దారి ఊహకు అందుతున్నది.

ఆక్సిటోసిన్ పేరు కూడా పాఠకులు వినే ఉంటారు. తొమ్మిది అమైనో ఆమ్లాలు గల ఈ హార్మోను నిర్మాణాన్ని కనుగొని, 1953లో ప్రయోగశాలలో తయారుచేసినందుకు విన్సెంట్ డు విన్యో 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. ప్రసవానికి, పాలు చేపటానికి ఇది అవసరం. తల్లీబిడ్డల అనుబంధంలో దీని పాత్ర జంతువులలో బాగా రుజువైంది. అయితే దీనిని "ప్రేమ హార్మోను" అని ముక్కులో పిచికారీ చేసుకొంటే ఆత్మీయత పుడుతుందనుకోవటం పొరపాటు. ఆత్మీయత ఉన్నచోట ఈ అణువు పనిచేస్తుంది కాని, అణువును తెచ్చి ఆత్మీయతను తయారుచేయలేము. ఆ పద్ధతి ఏదైనా ఉంటే మా రసాయన పరిశ్రమ ఈపాటికే దానిని అమ్మి ఉండేది.

మనవాడొకరు

ఇవి చదువుతూ ఉంటే మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పదేపదే గుర్తుకు వచ్చారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో ఆయన ఈ దేశం వచ్చారు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియేటిన్, రక్తహీనతకు వాడే ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు మందు, పిల్లల రక్తకాన్సరుకు మొదటి మందు, వీటన్నిటి వెనుక ఆయన కృషి ఉన్నది. వచ్చినవారు మళ్ళీ భారతదేశం వెళ్ళలేదు. భార్యను మళ్ళీ చూడలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్ రాష్ట్రంలో నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన మరణానికి ఒంటరితనమే కారణమని నేను అనను. అలా అనటానికి ఆధారం లేదు. కాని కోట్ల గుండెలకు మేలు చేసిన మనిషికి, రాత్రి తలుపు తట్టి "భోజనం చేశారా?" అని అడిగే మనిషి దగ్గర లేకపోయెనే అన్న బాధ మాత్రం నన్ను వదలదు.

మన సంగతి

దక్షిణాసియా వారికి గుండెజబ్బు ఇతరులకంటే తక్కువ వయసులోనే వచ్చే ప్రమాదం ఎక్కువ. 2018లో అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు విడుదల చేసిన కొలెస్టరాల్ మార్గదర్శకాలు మన జాతి మూలాలనే ప్రమాదాన్ని పెంచే అంశాలలో ఒకటిగా చేర్చాయి. కనుక నేను చెప్పినది చదివి ఎవరూ మందులు మానకండి, పందికొవ్వుతో వంట మొదలుపెట్టకండి. పరీక్షలు చేయించుకోండి, నడవండి, పొగతాగటం మానండి. నేను చెప్పదలచినది వీటికి బదులు చేయవలసిన పని గురించి కాదు, వీటితోపాటు చేయవలసిన పని గురించి. రక్తపరీక్షకు అందని ఆ ఒక్క అంశాన్ని మనం ఖాళీగా వదిలేస్తున్నాము.

మనకు మనుషులు లేరా అంటే, ఉన్నారు. ఉగాదికి ఐదు వందలమంది ఒక హాలులో చేరుతాము. కాని ఆ ఐదు వందలలో జ్వరం వస్తే రసం పెట్టి పంపేవారు ఎందరు? ఉద్యోగం పోయిందని సిగ్గుపడకుండా చెప్పుకోగలిగినవారు ఎందరు? ఎవరి ఇల్లు ఎన్ని చదరపు అడుగులు, ఎవరి పిల్లవాడికి ఏ విశ్వవిద్యాలయంలో ప్రవేశం దొరికింది అనే మాటలే ఎక్కువగా వినబడే చోట, కష్టాన్ని చెప్పుకోవటం కష్టం. రొసెటోలో ఆడంబరాన్ని తప్పుగా చూసిన కాలంలో ఊరు నిలబడింది, కంచెలు లేచిన తరువాత పడిపోయింది.

అందరికంటే ఎక్కువ నష్టపోతున్నవారు మన తల్లిదండ్రులు. కారు నడపలేరు. ఇంగ్లీషులో చొరవగా మాట్లాడలేరు. పగలంతా తాళం వేసిన ఇంట్లో, పిల్లలు బడి నుంచి వచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చుంటారు. "మా అబ్బాయి బాగా చూసుకొంటున్నాడు" అని ఊరికి ఫోను చేసి చెబుతారు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

మా ఇంట్లో ఏమి చేశామో చెబుతాను. విచారిస్తే మా వీధికి రెండు వీధుల అవతలే నరసరావుపేట నుంచి వచ్చిన పెద్ద దంపతులు ఉన్నారని తెలిసింది. నాలుగేళ్ళుగా ఉన్నారట. మాకు తెలియదు. మా అమ్మ, ఆవిడ పగలు కలుసుకోవటం మొదలుపెట్టారు. శనివారం బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి ఇరువురినీ ఒకే కారులో తీసుకువెళ్ళటం నా వంతు అయింది. మా అమ్మాయికి తెలుగు అక్షరాలు నేర్పే పని అమ్మకు అప్పగించాము. ఇంట్లో ఆవిడ అవసరం ఉన్నదన్న సంగతి ఆవిడకు తెలియటం మొదలైంది. ఆవకాయ జాడీ కింది అరలోకి దిగింది, కొలత చెంచాతో సహా.

నెలన్నరకు రక్తపోటు దిగింది. దీనికి కారణం మాటలా, మార్చిన మందు మోతాదా అని అడిగితే చెప్పలేను. ఒకేసారి రెండు మార్పులు చేసిన ప్రయోగం నుంచి ఏది పనిచేసిందో తేల్చలేమని మా విద్యార్థులకు నేనే బోధిస్తాను. కాని సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ గొంతు వాకిట్లోకి వినబడటం మొదలైంది. దానిని కొలవటానికి నా దగ్గర పరికరం లేదు, అవసరమూ లేదు.

అమ్మ తెనాలి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఫ్రిజ్ మీది పట్టికను తీసి మడిచి పెట్టెలో పెట్టుకొన్నది. ఆవిడ స్వదస్తూరితో నిండినది చివరి గడి ఒక్కటే. మిగిలినవన్నీ నేను నింపినవే. ఇప్పుడు నేను ఆదివారం ఫోను చేసినప్పుడు మాత్రల సంగతి రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్న డాక్టరు గారు నేర్పినది. ఈ సంచిక మూసిన తరువాత పాఠకులు కూడా తమ ఇంట్లో పెద్దవారిని, వీలైతే తమను తాము, ఆ ప్రశ్న అడిగి చూడవలసిందిగా కోరుతున్నాను. ఈ రోజు ఎవరితో మాట్లాడారు?